తిరువాన్మియూర్ ఇంట్లో పద్నాలుగేళ్ల సెంట్రల్ ఏసీ: ఎప్పుడు మార్చాం, ఎలా మార్చాం

ఇది చెన్నై తిరువాన్మియూర్‌లో, వాల్మీకి నగర్ వైపు, సముద్రపు గాలి నేరుగా తగిలే ఒక ఇంటి కేసు. ఇంటివాళ్లది నెల్లూరు జిల్లా, చెన్నైలో స్థిరపడి రెండు తరాలైంది. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయడం లేదు. పై అంతస్తులో హాలు, మూడు బెడ్‌రూములు కలిపి 1,100 చదరపు అడుగులు. 2010లో ఇల్లు కట్టినప్పుడే ఫాల్స్ సీలింగ్‌లో డక్టులు (చల్లగాలి గొట్టాలు) వేసి 5.5 టన్నుల డక్టబుల్ స్ప్లిట్ పెట్టారు (ఏసీల్లో టన్ను అంటే చల్లబరిచే సామర్థ్యానికి కొలత). లోపల తిరుగుతూ చల్లబరిచే గ్యాస్ ఆర్-22, మూడు ఫేజుల స్క్రోల్ కంప్రెసర్, ఒకే వేగం. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ రకం కాదు.

ఏసీ వృత్తిలో ఉన్న నన్ను పిలిచింది 2024 ఏప్రిల్‌లో. అప్పటికే ఏడాదిలో రెండుసార్లు గ్యాస్ నింపించుకున్నారు. చివర వచ్చిన మెకానిక్ తీర్పు చెప్పేసి వెళ్లాడు: కంప్రెసర్ వీకైంది, పైగా 5.5 టన్నులు ఈ ఎండలకు చాలదు, 8.5 టన్నులు పెట్టుకోండి. ఇంటాయన రిటైరైన బ్యాంకు అధికారి, లెక్క చూపిస్తే వినే మనిషి. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో ఇంకో లెక్క చెప్పాడు. మెషిన్ వయసును రిపేరు ఖర్చు డాలర్లతో గుణిస్తే 5,000 దాటిందా, మార్చేయమని అక్కడ అందరూ వాడే సూత్రమట. ఆ సూత్రం నాకూ తెలుసు. అక్కడి ఇళ్లలో వేడి, చలి రెండూ ఒకే డక్టులో నడుస్తాయి, కూలీ ఖరీదు, విడిభాగాలు త్వరగా దొరుకుతాయి. ఆ లెక్కను రూపాయల్లోకి మార్చినా ఇక్కడికి అతకదు. అంతకంటే పెద్ద లోపం, చెడిపోతున్న భాగం ఏదో ఆ సూత్రం అడగదు. కెపాసిటర్ లాంటి చిన్న భాగం పోవడమూ, గ్యాస్ తిరిగే రాగి గొట్టాల కాయిల్‌ను తుప్పు తినేయడమూ దానికి ఒకటే.

"ఏమయ్యా, ఇది ఇంక పనికి రాదా? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నారాయన. కొలిచాక చెప్తాను సార్ అన్నాను.

కొలతలు

ముందు కంప్రెసర్. మెగ్గర్ (కరెంటు బాడీకి లీకవుతోందా చూసే మీటరు) పెట్టి చూస్తే వైండింగుకీ బాడీకీ మధ్య 80 మెగాఓమ్‌లు. మూడు వైండింగుల రెసిస్టెన్సూ సమానం. స్టార్టింగ్‌లో ఇబ్బంది లేదు, నడకలో శబ్దం లేదు. అంటే కంప్రెసర్ ఆరోగ్యంగా ఉంది. కస్టమరుకు బాగా తెలిసిన ఒకే ఒక్క భాగం కంప్రెసర్ కాబట్టి, కారణం దొరకని ప్రతి జబ్బూ దాని మీదికే పోతుంది. ఈ అలవాటు మా వృత్తికి మంచిది కాదు.

తర్వాత లీకు. ఇండోర్ కాయిల్ చివర ఒక యూ-బెండ్ అతుకు దగ్గర పెద్ద లీకు, సబ్బు నీళ్లకే బుడగలొచ్చాయి. అది అందే చోట ఉంది, బ్రేజింగ్ (వేడిచేసి లోహంతో అతకడం) చేయించాం. డిటెక్టర్‌ను కాయిల్ మధ్యకు తీసుకెళితే మాత్రం రెండు మూడు చోట్ల సన్నగా కూత పెడుతూనే ఉంది. అవి ఫిన్నుల (కాయిల్ మీది సన్నటి రేకుల) లోపల, రాగి గొట్టానికే పడిన సూది రంధ్రాలు. ప్లైవుడ్, పాలిష్, పెయింట్ల నుంచి వచ్చే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల ఆవిర్లు తడి రాగి మీద చేరితే, లోహం లోపల చీమల పుట్టలో దారుల్లా సన్నటి సొరంగాలు పడతాయి. పైకి గొట్టం బాగానే కనిపిస్తుంది. ఒకటి పూడ్చితే పక్కన ఇంకొకటి తేలుతుంది. అలాంటి కాయిల్‌ను అతుకులేసి బతికించలేం.

గ్యాస్ తూకం వేసి సరిగ్గా నింపాకే మిగతా కొలతలు తీశాను. తక్కువ గ్యాస్‌తో నడుస్తున్న మెషిన్‌ను కొలిచి అది చేతకానిదనడం న్యాయం కాదు. బయట 36 డిగ్రీలున్నప్పుడు డిశ్చార్జ్ ప్రెషర్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాస్ ఒత్తిడి) 335 పీఎస్‌ఐ. ఆర్-22కి అది సుమారు 60 డిగ్రీల కండెన్సింగ్, అంటే గ్యాస్ ద్రవంగా మారే ఉష్ణోగ్రత. బయటి గాలికీ దానికీ 24 డిగ్రీల తేడా. బాగున్న కండెన్సర్‌లో (వేడిని బయటికి వదిలే అవుట్‌డోర్ కాయిల్‌లో) ఇది పన్నెండు నుంచి పదిహేను మధ్య ఉండాలి. అవుట్‌డోర్ యూనిట్ డాబా మీద తూర్పు వైపు, సముద్రానికి ఎదురుగా కూర్చుని ఉంది. వెనక ఫిన్నులను వేలితో తాకితే పొడిగా రాలాయి. పద్నాలుగేళ్ల ఉప్పు గాలి.

ఇప్పుడు గాలి సంగతి. 5.5 టన్నుల మెషిన్‌కు టన్నుకు 400 చొప్పున నిమిషానికి 2,200 ఘనపుటడుగుల గాలి ఉండాలి. మెషిన్ దగ్గర 1,850 ఉంది. గదుల్లో డిఫ్యూజర్ల (గాలి బయటికొచ్చే జాలీల) దగ్గర ఒక్కొక్కటిగా కొలిచి కూడితే 1,500. మధ్యలో ఐదో వంతు గాలి మాయమవుతోంది. మెషిన్‌ను డక్టుకు కలిపే కాన్వాస్ చిరిగి, చల్లగాలి ఫాల్స్ సీలింగ్ పైన తిరుగుతోంది.

రిటర్న్ వైపు, అంటే గది గాలి మెషిన్‌కు తిరిగొచ్చే దారిలో, ఇంకా ఘోరం. గదిలోంచి రిటర్న్ గ్రిల్‌లోకి పోయే గాలి 26.5 డిగ్రీలు. అదే గాలి కాయిల్ ముఖానికి చేరేసరికి 28.8. మధ్యలో రెండు డిగ్రీల పైన వేడి ఎక్కడిది? మెషిన్ చుట్టూ ఉన్న ప్లైవుడ్ పెట్టె ఒక పక్క ఊడిపోయి, శ్లాబు కింద ఖాళీలోని గాలిని పీల్చుకుంటోంది. మధ్యాహ్నం మూడింటికి అక్కడ 43 డిగ్రీలు. ఈ మూడు ఉష్ణోగ్రతలు చాలు లెక్కకు: 2.3ని 16.5తో భాగిస్తే 0.14. కాయిల్‌కు చేరే గాలిలో నూటికి 14 వంతులు డాబా వేడి. దాన్ని చల్లార్చడానికే సుమారు 0.65 టన్ను పోతోంది. మెకానిక్ చాలదన్న సామర్థ్యంలో ఒక ముక్క ఇక్కడే ఉంది.

అంతా కలిపి చూస్తే గదులకు చేరుతున్న చల్లదనం 3.5 టన్నులు. కరెంటు మాత్రం ఫేజుకు 9.8 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.86, అంటే 6.1 కిలోవాట్లు. 5.5 టన్నుల ఖర్చు, 3.5 టన్నుల ఫలం.

మార్చాలన్న నిర్ణయం

ఈ 2 టన్నుల లోటు మొత్తం మెషిన్ పాపం కాదని ఆ ఇంటివాళ్లకు చెప్పడం ముఖ్యమనిపించింది. డక్టు చిరుగు, పెట్టె ఊడటం సరిచేస్తే పాత మెషిన్‌తోనే చాలా తిరిగొస్తుంది. కొత్త మెషిన్ తెచ్చి వాటిని అలాగే వదిలేస్తే, కొత్తదీ అదే 43 డిగ్రీల గాలి పీలుస్తుంది. మార్పిడి కేసుల్లో ఎక్కువ నిరాశ ఇక్కడే పుడుతుంది: మెషిన్ మారుతుంది, జబ్బు ఇంట్లోనే ఉండిపోతుంది.

అయినా మార్చమనే చెప్పాను. కారణం వయసు కాదు. గ్యాస్ తిరిగే దారిలో రెండు కాయిళ్లూ ఒకేసారి చివరికొచ్చాయి, ఆ దారిలో ఉన్నది ఆర్-22. ఒక్క కాయిలే పోయి ఉంటే, గ్యాస్ కొత్త రకం ఆర్-410ఏ అయి ఉంటే, కాయిల్ మార్చి ఇంకో ఐదారేళ్లు నడిపించమనేవాణ్ని. ఇక్కడ రెండు కాయిళ్లకూ కలిపి చెప్పిన ధర 1.35 లక్షలు. అది పెట్టినా చేతిలో మిగిలేది ఒకే వేగంతో నడిచే ఆర్-22 మెషిన్. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద భారత్ 2030 నాటికి ఆ తరహా గ్యాసులను దాదాపు పూర్తిగా వదిలించుకోవాలి. ఆ తర్వాత పాత మెషిన్ల సర్వీసింగ్ కోసం కొద్దిపాటి వాటా మాత్రం 2040 దాకా ఉంటుంది. ఓజోన్ సంగతి అలా ఉంచినా, వాతావరణాన్ని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్-22 సుమారు 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కారుతుందని తెలిసిన కాయిల్‌లోకి ఏటా దాన్ని పోయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

అవుట్‌డోర్ ఒక్కటీ కొత్తది పెట్టి పాత ఇండోర్ కాయిల్ ఉంచుకుందామని ఒక డీలర్ సలహా ఇచ్చాడు. కొత్త మెషిన్లలో వాడే ఆర్-410ఏ ప్రెషర్ ఆర్-22 కంటే సుమారు 1.6 రెట్లు, ఆర్-32ది ఇంచుమించు అంతే. ఇప్పటికే సూది రంధ్రాలున్న కాయిల్‌కు అది తగదు. ఆయిల్ కూడా వేరు. ఆ మాట అక్కడితో ఆపేశాం.

ఎప్పుడు

ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, 84 ఏళ్లు, ఆయాసం. "నాకోసరం అంత ఖర్చెందుకు నాయనా, ఫ్యానేసుకోని పడుకుంటా" అన్నారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ గదిని ఏసీ లేకుండా వదిలేసే ప్రశ్నే లేదు. అలాగని ఏప్రిల్‌లో సెంట్రల్ ఏసీ మార్చడమూ నాకు ఇష్టం లేదు.

ఎందుకో వివరంగా చెప్తాను. మే 4 ప్రాంతంలో మొదలై నెలాఖరు దాకా సాగే అగ్ని నక్షత్రం రోజులు చెన్నైలో మా వృత్తికి పండగ సీజన్. ఫిట్టింగ్ కుర్రాళ్లు ఒక ఇంట్లో స్పానర్ పెట్టేసరికి ఇంకో ఇంటి నుంచి ఫోన్. నైట్రోజన్ ప్రెషర్ టెస్టు ఒక పూట నిలబెట్టి చూసే తీరిక ఎవరికీ ఉండదు. వాక్యూమ్ పంపు పావుగంట నడిపి గ్యాస్ వదిలేస్తారు. లైన్‌లో మిగిలిన తడి కొత్త మెషిన్ ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారుతుంది. దాని ఫలితం ఆ వేసవిలో కనిపించదు, రెండు మూడేళ్లకు కనిపిస్తుంది. అప్పటికి కంపెనీని తిట్టుకుంటాం. పైగా ఆ నెలల్లో మోడల్ ఎంచుకోవడం మన చేతుల్లో ఉండదు, గోడౌన్‌లో ఏది మిగిలితే అదే. డక్టు పని ఉన్న ఇంట్లో ఇది ఇంకా కష్టం. ఫాల్స్ సీలింగ్ విప్పి, పైన 43 డిగ్రీల్లో మనుషులు పాక్కుంటూ పనిచేయాలి.

అందుకని రెండు విడతలు అనుకున్నాం. మొదటి విడతగా పెద్దావిడ గదికి విడిగా 1.5 టన్ను ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ స్ప్లిట్. ఇది తాత్కాలిక ఏర్పాటు కాదు, చివరి డిజైన్‌లో భాగం. ఆమెకు 26 డిగ్రీలు కావాలి, మిగతావాళ్లకు 24. ఆమె గది పగలంతా చల్లగా ఉండాలి, మిగతా గదులు రాత్రికి చాలు. ఒక్క గది కోసం 5.5 టన్నుల మెషిన్ పగలంతా తిరగడమే బిల్లులో పెద్ద భాగం. పాత సెంట్రల్‌కు యూ-బెండ్ బ్రేజింగ్, కాన్వాస్, ప్లైవుడ్ పెట్టె సరిచేసి వేసవి దాటించాం. ఒక జాగ్రత్త తీసుకున్నాం: పెద్దావిడ గది డ్యాంపర్‌ను (డక్టులో గాలిని ఆపే తలుపును) అప్పుడే మూయనివ్వలేదు. ఒకే వేగం మెషిన్‌కు ఉన్న గాలే తక్కువ, ఇంకా తగ్గిస్తే కాయిల్ మీద ఐస్ కడుతుంది.

రెండో విడత ఆగస్టులో. రద్దీ తగ్గింది, అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య రుతుపవనాలు ఇంకా రాలేదు కాబట్టి డాబా మీద పని చేసుకోవచ్చు. ఇంకో సౌకర్యం కూడా కలిసొచ్చింది. చెన్నైలో ఆడి నెల డిస్కౌంట్లు ఆగస్టు మధ్య దాకా నడుస్తాయి. ఆషాఢంలో కొత్త వస్తువు ఇంటికి తేకూడదని పెద్దావిడ పట్టు. తమిళుల ఆడి ఇంకా పోకముందే మనకు శ్రావణం వచ్చేస్తుంది. ఆ సందులో కొన్నాం.

ఎంత టన్నేజి, ఏ రకం

8.5 టన్నుల మాట గురించి. 1,100 చదరపు అడుగులకు అది 130 అడుగులకొక టన్ను. చెన్నైలో ఎక్కువ టన్నేజి పెట్టడం ఊరికే డబ్బు దండగ అనుకుంటారు. అసలు నష్టం తేమ. పెద్ద మెషిన్ గదిని చకచకా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలోని తేమను లాగేంత సేపు నడవదు. ఈ ఇంట్లో 5.5 టన్నులే చలికాలంలో ఎక్కువయ్యేది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తర్వాత గదిలో 24 డిగ్రీలు, తేమ 72 శాతం. బీరువాలో పట్టుచీరలకు బూజు పట్టిందని ఇంటావిడ చెప్పింది ఆ నెల సంగతే. అక్కడ 8.5 పెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

2010లో డాబా బోడిగా ఉండేది, 5.5 సరిపోయే లెక్కే. తర్వాత 2019లో తెల్ల కూల్ టైల్స్ వేశారు, 2022లో సగం డాబా మీద సోలార్ ప్యానెళ్లు నీడ కట్టాయి. పడమటి కిటికీలకు ఛజ్జాలు పొడిగించారు. ఇల్లు మారితే లోడు (ఏసీ తీసేయాల్సిన వేడి) మారుతుంది, పాత నేమ్‌ప్లేట్ చూసి కొత్తది కొనకూడదు. గది గదికీ లెక్కవేస్తే పీక్ లోడ్ 4.6 టన్నులు వచ్చింది. అందులో పెద్దావిడ గది 0.8. మిగిలింది 3.8. నాలుగు టన్నుల ఇన్వర్టర్ డక్టబుల్ ఎంచుకున్నాం. "తగ్గించి పెడతారా!" అని ఇంటావిడ నమ్మలేదు. లెక్క కాగితం ముందుపెట్టి గది గదికీ చదివాం.

ప్రతి గదికీ విడి ఇండోర్ పెట్టి, అన్నిటినీ ఒకే అవుట్‌డోర్‌కు కలిపే వీఆర్‌ఎఫ్ పద్ధతి కూడా ఆలోచించాం. కొటేషన్ 5.1 లక్షలు. సీలింగ్ మొత్తం విప్పాలి, గది గదికీ డ్రెయిన్ పైపు, గ్యాస్ లైన్ అతుకులు. డక్టులు బాగున్న ఇంట్లో దానికి అర్థం లేదు. డక్టులు బాగున్నాయా అన్నదే అసలు ప్రశ్న. లోపల కెమెరా పంపి చూశాం, జీఐ (జింకు పూత ఇనుప) షీటు తుప్పు లేదు, ఇన్సులేషన్ రెండు చోట్ల తప్ప తడవలేదు. అవి కుళ్లి ఉంటే మాత్రం డక్టబుల్ వదిలేసి నాలుగు మంచి స్ప్లిట్లు పెట్టుకోమనే చెప్పేవాణ్ని. కరెంటు పొదుపులో మంచి స్ప్లిట్లను ఓడించడం డక్టబుల్‌కు కష్టం. ఈ ఇంట్లో మిగిలిన డక్టుల విలువే తూకాన్ని ఇటు వంచింది. 2,200 ఘనపుటడుగుల కోసం వేసిన డక్టులో ఇప్పుడు, తేమ బాగా లాగేలా టన్నుకు 350 చొప్పున, 1,400 నడిస్తే చాలు. గాలి వేగం తగ్గింది, శబ్దం తగ్గింది, ఫ్యాన్ మీద భారమూ తగ్గింది.

గ్యాస్ ఆర్-32. వాతావరణాన్ని వేడెక్కించే ఆ లెక్కలో ఇది 675, ఆర్-410ఏ అయితే 2,088. కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి గది లెక్క చూశాను. మెషిన్‌లో 2.6 కిలోలు. మొత్తం కారి హాలులో చేరినా 61 ఘనమీటర్లకు విస్తరిస్తుంది, అంటే ఘనమీటరుకు 43 గ్రాములు. మండటానికి 307 గ్రాముల పైన కావాలి. ఇరుకు గదుల్లో ఈ లెక్క వేయకుండా ఆర్-32 పెట్టకూడదు.

పని

పాత గ్యాస్‌ను రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగాం. పాతసామాను వాళ్లకు మెషిన్ ఇస్తే గొట్టం కోసి గాలిలోకి వదిలేస్తారు, అందుకే ఈ పని మన చేతుల మీదే అయిపోవాలి. పాత రాగి పైపు గోడలో ఉంది, మధ్యలో ఒక అతుకు కూడా. దాన్ని వదిలేసి కొత్త లైను బయటి గోడ వెంట అతుకు లేకుండా వేశాం. చివర్ల బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ లోపల నైట్రోజన్ సన్నగా పారింది, లేకపోతే లోపల నల్లటి పొట్టు కట్టి వాల్వులో ఇరుక్కుంటుంది. 550 పీఎస్‌ఐ నైట్రోజన్‌తో రాత్రంతా ఉంచాం. తెల్లారేసరికి ముల్లు కాస్త దిగింది, అయితే ఆ దిగడం రాత్రి చల్లబడినంత మేరకే అని ఉష్ణోగ్రత లెక్కతో సరిచూసుకున్నాం. తర్వాత వాక్యూమ్ 500 మైక్రాన్ల (లైన్‌లో మిగిలిన ఒత్తిడికి కొలత) కిందికి, పంపు ఆపాక కూడా అక్కడే నిలిచేదాకా.

అవుట్‌డోర్‌ను తూర్పు అంచు నుంచి తీసి మెట్ల గది గోడ చాటుకు, పడమటి పక్కకు మార్చాం. సాయంత్రం ఎండ తగులుతుంది, అది నిజమే. ఈ తీరంలో ఎండ కంటే ఉప్పే ప్రమాదం, అందుకే ఆ రాజీ. ఫిన్నులకు పూత ఉన్న మోడలే తీసుకున్నాం. ఇన్వర్టర్ బోర్డులోకి బల్లులు దూరకుండా కేబుల్ రంధ్రాలన్నీ మూశాం, సర్జ్ ప్రొటెక్షన్ పెట్టి ఎర్తింగ్ కొలిచాం. రిటర్న్‌కు ప్లైవుడ్ పెట్టె బదులు గ్రిల్ నుంచి మెషిన్ దాకా ఇన్సులేషన్ ఉన్న డక్టు వచ్చింది. పెద్దావిడ గది డ్యాంపర్ ఇప్పుడు మూశాం.

ఖర్చు: డక్టబుల్, ఫిట్టింగ్, డక్టు మరమ్మతు కలిపి 3.1 లక్షలు. స్ప్లిట్ వేరుగా 46,000.

తర్వాత

డిఫ్యూజర్ల దగ్గర గాలి 1,380 వచ్చింది, మెషిన్ దగ్గర 1,420. రిటర్న్ గ్రిల్‌కూ కాయిల్‌కూ మధ్య తేడా 0.3 డిగ్రీ. 2024 డిసెంబరు వానల్లో కొలిస్తే 24.5 డిగ్రీలు, తేమ 58 శాతం. నాకు బిల్లు కంటే ఈ అంకె ఎక్కువ తృప్తినిచ్చింది.

బిల్లు సంగతి: రెండు నెలల మే–జూన్ బిల్లు 2024లో 2,650 యూనిట్లు, 2025లో 1,720. తగ్గిన 930 యూనిట్లూ వెయ్యి దాటిన స్లాబులోవే, 2025లో యూనిట్ 11.80 రూపాయలు, అంటే దాదాపు పదకొండు వేలు. ఇది మొత్తం కొత్త మెషిన్ గొప్పే అనుకోవద్దని ఇంటాయనకు చెప్పాను. దేశంలో 1901 నుంచి ఉన్న లెక్కల్లో 2024 అత్యంత వేడి సంవత్సరం. 2025 మే చెన్నైలో అంత మండలేదు. డ్యాంపర్ మూసి పెద్దావిడ గదిని సెంట్రల్ నుంచి పూర్తిగా వేరు చేయడం వల్ల తగ్గింది కూడా ఇందులో ఉంది. ఆ వాటాలు విడదీయాలంటే ఇంకో రెండు వేసవుల బిల్లులు కావాలి. ప్రతి రీడింగూ రాసి ఉంచమన్నాను, రాస్తున్నారు.

నిర్వహణలో ఒక్క విషయం గట్టిగా పట్టుబట్టాను. నెలకోసారి అవుట్‌డోర్ ఫిన్నుల మీద ఉప్పు కడగాలి, నగరం సరఫరా చేసే మెట్రో వాటర్‌తోనే. ఆ వీధుల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆర్‌ఓ మెషిన్ వదిలే నీళ్లు ఇంకా ఉప్పు. వాటితో కడిగితే సముద్రం చేసే పని మనమే చేసినట్టవుతుంది. ఇప్పుడు మెట్ల గది పక్కన దానికోసం విడిగా ఒక మెట్రో వాటర్ కుళాయి బిగించారు.